చదవలేని నోటీసు నోటీసు కాదు

బాకీపడినవాడు బాకీ తీర్చవలసిందే. వాడుకున్న విద్యుత్తుకు వెల కట్టనని సరిహద్దు తెలుగువాడు ఏనాడూ అనలేదు, ఇప్పుడూ అనడం లేదు. నా ప్రశ్న వేరు. నెలనెలా వసూలు చేసుకోవలసిన సొమ్మును వసూలు చేసుకోక, ఆ సంగతి ఇంటివారికి చెప్పనైనా చెప్పక ఊరుకున్న సంస్థ, ఒకనాడు హఠాత్తుగా మేల్కొని, ఆ ఇంటివారు చదవలేని భాషలో ఒక కాగితం తలుపుకు గుచ్చి, గడువులోగా మొత్తం కట్టకపోతే కరెంటు కోస్తామనడం న్యాయమేనా? న్యాయం కాదని నేనంటాను. భాషా అల్పసంఖ్యాకులకు ఈ దేశం ఇచ్చిన హామీలకు అది విరుద్ధమని కూడా అంటాను.

ఈ చిక్కు ఎలా పుడుతుందో ముందు చూద్దాం. బిల్లు సొమ్మును మన ఖాతా నుంచి నేరుగా తీసుకొమ్మని మనం ఒక అనుమతిపత్రం మీద సంతకం చేస్తాం. ఒకప్పుడు దీనిని ఇ.సి.ఎస్. అనేవారు, నేడు ఆటో డెబిట్ అంటున్నారు. అందులో ఖాతా సంఖ్య, బ్యాంకు శాఖ కోడు, తీసుకోదగిన గరిష్ఠ మొత్తం, చెల్లుబాటు గడువు ఉంటాయి. గడువు ముగిస్తే వసూలు ఆగుతుంది. వేసవి బిల్లు గరిష్ఠ మొత్తాన్ని దాటితే ఆగుతుంది. శాఖ కోడు మారినా ఆగిపోవచ్చు. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు యూనియన్ బ్యాంకులోనూ, సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులోనూ కలిసిపోయాయి. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన బ్యాంకు పేరు అలా చెరిగిపోయింది. పేర్లతోపాటు శాఖల కోడులూ మారాయి. 2021 అక్టోబరు 1 నుంచి కార్డుల ద్వారా జరిగే ఇలాంటి చెల్లింపులకు రిజర్వు బ్యాంకు కొత్త నిబంధనలు అమలులోకి వచ్చాయి. సొమ్ము తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకు తెలియజేయాలన్నది అందులో ఒకటి. నిబంధన మంచిదే. అయితే ఏ భాషలో తెలియజేస్తున్నారు? మా ఇళ్ళకు వచ్చిన సందేశాలన్నీ ఇంగ్లీషువే.

కర్ణాటకలోని మా సరిహద్దు తాలూకాలో 2022 వేసవిలో జరిగిన సంగతి చెబుతాను. మా పెద్దమ్మ ఒంటరిగా ఉంటున్నది. పింఛను బ్యాంకులో పడుతుంది, బిల్లు సొమ్ము బ్యాంకు నుంచే పోతుంది, తనకు చింత లేదనుకున్నది. మీటరు చూసే కుర్రవాడు నెలనెలా చీటీ ఇస్తూనే ఉన్నాడు. ఆ చీటీల మీద బాకీ గడిలో సున్నాయే ఉంది. అలా పద్నాలుగు నెలలు గడిచాక అసలు, ఆలస్యపు వడ్డీ కలిపి 13,740 రూపాయలు కట్టమంటూ నోటీసు వచ్చింది. నోటీసు ఆసాంతం కన్నడం. తెలుగు, కన్నడ లిపులు అక్కాచెల్లెళ్ళు కనుక ఆమె కూడబలుక్కొని 'బాకి' అన్న మాటను పట్టుకోగలిగింది. 'సంపర్క కడిత' అంటే కరెంటు కోత అని పక్కింటివారు చెబితేగాని తెలియలేదు. ఎందుకు బాకీ పడింది, అభ్యంతరం ఉంటే ఎవరికి చెప్పుకోవాలి అన్నవి ఆమెకు అందనే లేదు.

తెలుగులో అర్జీ రాసుకొని ఇద్దరమూ కార్యాలయానికి వెళ్ళాం. గుమాస్తా అర్జీని చూసి, తాకకుండానే వెనక్కి నెట్టాడు. "కన్నడలో రాసుకొని రండి. ఇన్నేళ్ళుగా ఇక్కడే ఉన్నారు కదమ్మా, కన్నడ రాదా?" అన్నాడు.

"మాట్లాడతాను నాయనా. చదవడం రాదు. మా చిన్నప్పుడు మా ఊరి బడి తెలుగు బడి" అన్నది పెద్దమ్మ.

ఆ బడి ఇప్పుడు లేదు. దానిని మూసింది ఆమె కాదు. తెలుగు బడిలో చదువు చెప్పిన రాజ్యమే, ఆ చదువుతో ఒక నోటీసు కూడా చదువుకోలేని స్థితికి ఆమెను తెచ్చింది. ఆపైన "నీకు భాష రాదు" అని నిందిస్తున్నది.

చట్టం ఏమంటున్నదో ప్రతి కుటుంబమూ తెలుసుకోవాలి. విద్యుత్ చట్టం, 2003లోని 56వ సెక్షను ప్రకారం కరెంటు కోయడానికి ముందు 15 పూర్తి రోజుల వ్యవధితో లిఖితపూర్వక నోటీసు ఇవ్వాలి. బాకీపై వివాదం ఉంటే వినియోగదారు తన నిరసనను తెలుపుతూ సొమ్ము జమచేయవచ్చు. సంస్థ అడిగిన మొత్తం ఒకటి. గత ఆరు నెలల్లో చెల్లించిన సగటు చొప్పున లెక్కగట్టిన నెలవారీ ఛార్జీలు మరొకటి. ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది కట్టినవారికి, వివాదం తేలేదాకా కరెంటు కోయరాదు. అదే సెక్షనులోని రెండవ భాగం ప్రకారం, రెండేళ్ళు దాటిన బాకీ బిల్లులలో ఎడతెగకుండా చూపబడుతూ ఉంటే తప్ప, దాని కోసం కరెంటు కోయడానికి వీల్లేదు. ఆ గడువు దాటాక కరెంటు కోత అనే ఆయుధం సంస్థ చేతిలో ఉండదని, సొమ్మును మాత్రం ఇతర న్యాయమార్గాలలో రాబట్టుకోవచ్చునని సుప్రీంకోర్టు 2020లో రహమతుల్లా ఖాన్ కేసులో తేల్చింది. మా పెద్దమ్మ బాకీ రెండేళ్ళు దాటలేదు కనుక ఈ రక్షణ ఆమెకు వర్తించలేదు. అందుకే మేము అసలును కాదనలేదు. వడ్డీని కాదన్నాం, వాయిదాలు అడిగాం.

ఇక భాష మాట. రాజ్యాంగంలోని 350వ అధికరణం ప్రకారం, తన బాధను తీర్చమని ఏ అధికారికైనా, కేంద్రంలో గాని రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నవించుకునే హక్కు ప్రతి వ్యక్తికీ ఉంది. కర్ణాటకలో తెలుగు వాడుకలో లేదని చెప్పే ధైర్యం ఎవరికుంది? ఎన్నికలు వస్తే మా వీధుల్లో ఓట్లడిగేది ఏ భాషలో? జిల్లాలో గాని, తాలూకాలో గాని జనాభాలో 15 శాతం మంది మాట్లాడే భాషలోకి ముఖ్యమైన నిబంధనలను, నోటీసులను అనువదించి ప్రకటించాలని 1961 నాటి ముఖ్యమంత్రుల సమావేశం అంగీకరించింది. 60 ఏళ్ళు దాటిపోయాయి. ఆ అంగీకారం కాగితం మీదనే మగ్గుతున్నది.

"రాష్ట్ర భాష నేర్చుకోండి" అని ఉపదేశించేవారికి ఒక్క మాట. నేర్చుకున్నాం. మా పిల్లలు కన్నడంలో, తమిళంలో, ఒడియాలో, మరాఠీలో చదువుతున్నారు, రాస్తున్నారు. ఆ భాషల మీద మాకు ద్వేషం లేదు. మేమడిగేది వాటిని తొలగించమని కాదు, పక్కన తెలుగు చేర్చమని. ఆదోనిలో కన్నడ కుటుంబానికి, చిత్తూరులో తమిళ కుటుంబానికి, ఇచ్ఛాపురంలో ఒడియా కుటుంబానికి కూడా ఇదే న్యాయం జరగాలని మేమే ముందుగా అడుగుతాం. "ఇది ఆచరణకు సాధ్యమా?" అని అడిగేవారు యానాం వంక చూడాలి. తమిళం అధికారభాషగా ఉన్న పుదుచ్చేరిలోనే, యానాంలో తెలుగు వాడకానికి 1965 నాటి చట్టం వీలు కల్పించింది. బిల్లులను అచ్చువేసేది యంత్రం. దానికి ఏ లిపి అయినా ఒకటే. లేనిది సంకల్పం.

మనవారినీ ఒక మాట అనక తప్పదు. కార్యాలయం మెట్లెక్కగానే గొంతు తగ్గించేది మనం. తెలుగులో రాస్తే పని చెడుతుందని పది రూపాయలిచ్చి మరొకరి చేత మరో భాషలో రాయించుకునేది మనం. వాడని హక్కు తుప్పు పడుతుంది. ఒక తాలూకా నుంచి ఒక్క తెలుగు అర్జీ కూడా వెళ్ళకపోతే, అక్కడ తెలుగువారి సమస్య ఏదీ లేదని అధికారి నిశ్చింతగా నివేదిక పంపుతాడు. ఆ నివేదికకు సాక్షులం మనమే అవుతాం.

మేము ఆ అర్జీని మరునాడు రిజిస్టరు పోస్టులో పంపాం. పైన 350వ అధికరణాన్ని ఉటంకించాం. 2003 చట్టం ప్రకారం ఏర్పడిన వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు ఒక ప్రతి జతచేశాం. జవాబు కన్నడంలో వచ్చింది. జవాబు తెలుగులోనే ఇవ్వాలని 350వ అధికరణం చెప్పడం లేదు కనుక దానికి తగవు పడలేదు. వడ్డీ రద్దయింది. అసలును ఆరు వాయిదాలలో కట్టమన్నారు. కట్టాం. కరెంటు కోయలేదు.

ఒక ఇంటికి జరిగినది చాలదు. మన కోర్కెలు ఇవి. ఒకటి: తెలుగువారు 15 శాతానికి తగ్గని ప్రతి తాలూకాలో విద్యుత్ బిల్లు, బాకీ నోటీసు, కోత నోటీసు తెలుగులోనూ ఉండాలి. రెండు: ఆటో డెబిట్ తప్పిన మొదటి నెలలోనే, ఇంటివారు కోరుకున్న భాషలో కబురు అందాలి, మరుసటి బిల్లులో బాకీ కనిపించాలి. మూడు: సంస్థ మౌనంగా ఉన్న కాలానికి వడ్డీ వేయరాదు, ఎన్ని నెలలు మౌనం వహించిందో అన్ని వాయిదాలు ఇవ్వాలి. నాలుగు: తెలుగు అర్జీని ప్రతి కార్యాలయమూ స్వీకరించి రసీదు ఇవ్వాలి.

అంతవరకు మనం చేయవలసిన పనులున్నాయి. నెలకొకసారి పాసుపుస్తకంలో పద్దులు వేయించి, బిల్లు సొమ్ము పోయిందో లేదో చూడండి. బ్యాంకు పేరు గాని, కోడు గాని మారితే అనుమతిపత్రం మళ్ళీ ఇవ్వండి. పాత బిల్లులు పారవేయకండి. బాకీ గడిలోని సున్నాయే రేపు మీ సాక్ష్యం. నోటీసు వస్తే భయపడి అప్పు చేయకండి, పదిహేను రోజుల్లోగా అర్జీ పెట్టండి. ఆ అర్జీ తెలుగులో పెట్టండి. కాదన్న అధికారిని, కాదన్నట్లు రాసి సంతకం చేసి ఇమ్మని అడగండి.