ఎవరి నుంచి స్వతంత్రం?

"తెలుగువాడు పుస్తకం కొనడు" అనే మాట ఈనాడు ఒక సిద్ధాంతంలా చలామణీ అవుతున్నది. రచయిత అంటాడు, ప్రచురణకర్త అంటాడు, సభాధ్యక్షుడు అంటాడు. అందరికంటె గట్టిగా, నెల నెలా జీతం అందుకుంటూ ఏడాదికి ఒక్క పుస్తకమైనా కొనని అధ్యాపకుడు అంటాడు. ఈ మాటలో గొప్ప సౌకర్యం ఉన్నది. ఇది అన్న తరవాత ఎవరూ చెయ్యవలసిన పనేమీ మిగలదు. తప్పు జాతి మొత్తానిది గనక ఏ ఒక్కరిదీ కాకుండా పోతుంది.

ఈ సిద్ధాంతం ఎక్కడ కాపురం చేస్తున్నదో చూడాలంటే మన పత్రికల్లో "కొత్త పుస్తకాలు", "రచయితల విశేషాలు" అనే పేజీలు తిరగెయ్యాలి. పుస్తకం పేరు, పేజీలు, వెల, ముఖచిత్రం ఉంటాయి. ఆవిష్కరించిందెవరు, శాలువా కప్పిందెవరు, పురస్కారం ఇచ్చిందెవరు అనే వివరాలుంటాయి. పుస్తకంలో ఏమున్నదో తప్ప సమస్తమూ ఉంటుంది. పెళ్లి శుభలేఖ చూసినా వధూవరులను గురించి ఇంతకంటె ఎక్కువే తెలుస్తుంది. విమర్శ ఉండవలసిన చోట ప్రకటన వచ్చి కూర్చున్నది. ప్రకటన చూసి పుస్తకం కొనలేదని పాఠకుణ్ణి తిట్టటం, భోజనాల జాబితా చదివి వినిపించి, ఆకలి తీరలేదేమని అడగటం వంటిది.

ఈ పేజీల్లో ఇప్పుడు తరచు కనిపించే మరొక మాట "స్వతంత్ర ప్రచురణ సంస్థ". మంచి మాటే. కాని ఎవరి నుంచి స్వతంత్రం? పెద్ద పెట్టుబడి నుంచా, ప్రభుత్వం నుంచా, పాఠకుడి నుంచా? ఈ ప్రశ్న వెయ్యకుండా చప్పట్లు కొట్టటం అభ్యుదయం కాదు.

స్వతంత్రం పేరు పెట్టుకున్న వాటిలో అధిక భాగం జరుగుతున్నదేమిటి? రచయితే డబ్బు ఇస్తాడు. సంస్థ ప్రెస్సుకు పంపి తన పేరు వేస్తుంది. 500 కాపీలు వస్తాయి. సగం మిత్రులకు పంచి, సగం మంచం కింద పెట్టుకుంటాడు. అతడే రచయిత, అతడే పెట్టుబడిదారు, అతడే మోతకూలీ. ప్రచురణకర్త పని అచ్చు వెయ్యటం కాదు, ఎంచటం. వంద రాతప్రతులు చదివి, పదింటిని ఒప్పుకుని, ఆ పదింటిని రచయిత చేత తిరగరాయించి, తన సొమ్ము పణంగా పెట్టి పాఠకుడి ముందుకు తీసుకురావటం. ఎంపిక లేని చోట ప్రచురణ లేదు, ముద్రణ మాత్రమే ఉన్నది. ఇటువంటి సంస్థ పాఠకుడి నుంచి స్వతంత్రమైనది. అతడు కొన్నా కొనకపోయినా దానికి పోయేదేమీ లేదు.

ఈ వ్యాపారానికి మన అధ్యాపక వర్గం చేసిన సేవ తక్కువది కాదు. యు.జి.సి. 2010 నిబంధనల్లో పదోన్నతికి మార్కుల లెక్క వచ్చింది. దానితో ఐ.ఎస్.బి.ఎన్. అంకె వేసిన పుస్తకాల పంట పండింది. సెమినారు పత్రాలను కట్టగట్టి, తలా ఇంత వేసుకుని అచ్చు వేయించి, అంకె చూపించి మార్కులు తీసుకున్నవారెందరో ఉన్నారు. ఆ పుస్తకాలకు పాఠకుడు అవసరం లేదు, పరిశీలన సంఘం చాలు. తెలుగువాడు పుస్తకం కొనడని వీరు బాధపడటం హాస్యాస్పదం.

మా చీమకుర్తిలో గెలాక్సీ గ్రానైటు క్వారీలున్నాయి. బ్లాకు కొండ దిగితే ఇంత అని ప్రభుత్వానికి సీనరేజి కట్టాలి. కొనేవాడు పగులున్నదా, మచ్చ ఉన్నదా అని చుట్టూ తిరిగి చూసి గాని ఒప్పుకోడు. రాతికి సీనరేజి ఉన్నది, రాతకు రాయల్టీ లేదు. రాతికున్న పరీక్ష రాతకు లేదు.

ఇంకొక విధంగా జరగటానికి వీలు లేదా? ఉన్నది, జరిగింది కూడా. హైదరాబాద్ బుక్ ట్రస్టు 1980లో మొదలయింది. సి.కె.నారాయణరెడ్డి, గీతా రామస్వామి వంటివారు దాన్ని నిలబెట్టారు. వారు మొదట ఎంచుకున్న పుస్తకం ఏది? అలెక్స్ హేలీ 1976లో రాసిన "రూట్స్". సహవాసి దాన్ని సంక్షిప్తంగా "ఏడు తరాలు" పేరుతో తెలుగు చేశారు. గాంబియా నుంచి సంకెళ్లతో అమెరికా చేరిన కుంటా కింటే తెలుగు పల్లెల్లో ఎవరికి చుట్టం? పుస్తకం కొనని జాతికి అతని కథ ఎందుకు? అయినా ఆ పుస్తకం మళ్లీ మళ్లీ అచ్చయింది. వెట్టి అంటే ఏమిటో తెలిసిన నేల మీద బానిస కథ పరాయి కథ కాలేదు. ఎంపిక సరిగా ఉంటే, వెల అందుబాటులో ఉంటే పాఠకుడు పుట్టుకొస్తాడని అది రుజువు చేసింది.

ఆ సంస్థే డేవిడ్ వెర్నర్ పుస్తకాన్ని "వైద్యుడు లేని చోట" పేరుతో తెచ్చింది. రేవతి ఆత్మకథను పి.సత్యవతి "ఒక హిజ్రా ఆత్మకథ"గా తెలుగు చెయ్యగా అదీ ఆ సంస్థే ప్రచురించింది. ఆ అనువాదానికి 2019 సంవత్సరపు సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వచ్చింది. మన "రచయితల విశేషాలు" పేజీకి విశేషం పురస్కారమే. అసలు విశేషం అది కాదు. తెనాలి దగ్గర కొలకలూరులో పుట్టి, బెజవాడలో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన కథారచయిత్రి, మర్యాదస్తులు మొహం తిప్పుకునే జీవితాన్ని తెలుగు వాక్యంలోకి తీసుకురావటానికి పూనుకోవటం విశేషం. ఒక సంస్థ అందుకు సొమ్ము పెట్టటం విశేషం. ఆ వాక్యం ఎలా నడిచింది, ఏ మాటకు తెలుగులో ఏ మాట దొరికింది, ఏది దొరకలేదు అని చర్చించటం మన పని.

ఇది నిన్న మొన్నటి సంగతి కూడా కాదు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు ప్రభృతులు విజ్ఞానచంద్రికా మండలి పెట్టి చరిత్ర, విజ్ఞానశాస్త్రం తెలుగులో అచ్చు వేశారు. చందాదారులను చేర్చుకున్నారు, పాఠకులను తయారు చేసుకున్నారు. అక్షరాస్యులు ఇప్పటి లెక్కలో పిడికెడు మంది లేని రోజులవి. ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో రాసిన "మాలపల్లి" 1922లో అచ్చయి నిషేధానికి గురయింది. ప్రచురించటమంటే సర్కారు ఆగ్రహానికి సిద్ధపడటం అయిన రోజులవి. చీరాల పక్కన వేటపాలెంలో 1918లో సారస్వత నికేతనం వెలిసింది. దాని భవనానికి 1929లో గాంధీ శంకుస్థాపన చేశాడు. చేనేత ఊరు గ్రంథాలయం కట్టుకోగలిగింది. ఈ చరిత్ర ముందు పెట్టుకుని "తెలుగువాడు కొనడు" అనటానికి నోరెట్లా వస్తుంది?

మరికొందరు మిత్రులు విప్లవకరమైన వాదం ఒకటి తెస్తున్నారు. పుస్తకం ప్రజల ఆస్తి గనక కొత్త పుస్తకాన్ని స్కాను చేసి, పీడీఎఫ్‌గా అందరికీ పంచటం ప్రజాసేవ అంటారు. ఎక్కడా దొరకని పాత పుస్తకాన్ని కాపాడి పంచితే సేవే, కాదనను. నిన్న అచ్చయిన పుస్తకాన్ని ఇవాళ పంచితే నష్టపోయేది ఏ పెట్టుబడిదారు? పెద్ద వ్యాపారికి వంద పుస్తకాలలో ఇదొకటి. చిన్న సంస్థకు ఈ పుస్తకం డబ్బు తిరిగి వస్తే గాని తరవాతి పుస్తకం లేదు. రెండేళ్లు కూర్చుని అనువదించిన మనిషి కూలి ఎగవేసి దానికి సమష్టి సొత్తు అని పేరు పెట్టటం సోషలిజం కాదు. కూలి ఎగవేతకు ఏ పేరు పెట్టినా అది కూలి ఎగవేతే.

పాఠకుడి బాధ్యత చెప్పి, ప్రచురణకర్తను విడిచిపెట్టటం న్యాయం కాదు. స్వతంత్రమని చెప్పుకునే సంస్థ ఎన్ని కాపీలు వేసిందో పుస్తకంలో అచ్చు వెయ్యాలి. ఎన్ని అమ్మిందో ఏటా రచయితకు లెక్క చెప్పాలి. అనువాదకుడి పేరు ముఖపత్రం మీద ఉండాలి. ఈ మూడూ చెయ్యని సంస్థ చిన్నదైనంత మాత్రాన ప్రజల సంస్థ కాదు. చిన్న దోపిడీ కూడా దోపిడీయే.

ప్రభుత్వం సంగతి వేరే చెప్పాలి. 1960 గ్రంథాలయ చట్టం ప్రకారం మనం ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం, రూపాయికి 8 పైసలు. స్థానిక సంస్థలు వసూలు చేసిన సెస్సును గ్రంథాలయ సంస్థలకు జమ చెయ్యకుండా బకాయి పెట్టటం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పాత జబ్బు. పుస్తకం కొనని జాతి అన్నారే, ఆ జాతి ప్రతి ఏడూ పుస్తకాల కోసం పన్ను కడుతున్నది! ఆ డబ్బు పుస్తకంగా మారి ఊరి గ్రంథాలయం బీరువాలోకి రావటం లేదు. జీతాలకోసం ధర్నా చేసే ఉపాధ్యాయ సంఘాలు ఈ సెస్సు కోసం ఏనాడైనా ఒక తీర్మానం చేశాయా అని ప్రతి సభ్యుడూ తన సంఘాన్ని అడగాలి.

ఇదంతా ఎందుకు? క్వారీలో రాయి కోసేవాడి ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము చేరుతుంది. దాని వల్ల వచ్చే సిలికోసిస్ నయం కాని జబ్బు, నివారించదగిన జబ్బు. దాన్ని గురించి కార్మికుడికి అర్థమయ్యే తెలుగులో, అతడు కొనగల వెలకు ఒక పుస్తకం కావాలంటే ఎవరు వేస్తారు? డబ్బిచ్చి అచ్చు వేయించుకునే రచయిత వెయ్యడు, దానికి శాలువా రాదు. పెద్ద వ్యాపారి వెయ్యడు, దానికి లాభం రాదు. క్వారీ యజమాని వెయ్యనే వెయ్యడు. పాఠకుల మీద ఆధారపడి, మిగిలిన అందరి నుంచీ స్వతంత్రంగా నిలిచిన సంస్థే వెయ్యాలి. అటువంటి సంస్థ బతకటం సాహిత్యాభిరుచికి సంబంధించిన ముచ్చట కాదు. కొందరికి అది ప్రాణావసరం.

కాబట్టి చెయ్యవలసింది స్పష్టం. ఊరూరా విద్యార్థులూ, ఉపాధ్యాయులూ పదిమంది చేరి నెలకొక పుస్తకం కొనాలి, చదవాలి, పోట్లాడాలి. గెస్టు లెక్చరరూ, విద్యార్థీ చందా సగం ఇస్తే పూర్తి జీతగాడు రెట్టింపు ఇవ్వాలి. ఆవిష్కరణ సభలు తగ్గించి, అచ్చయిన ఆరు నెలలకు చర్చాసభలు పెట్టాలి. మన పత్రికల్లో కొత్త పుస్తకాల జాబితా తీసివేసి, నాలుగు పుస్తకాలకే అయినా నిజమైన సమీక్ష వెయ్యాలి. బాగాలేని పుస్తకాన్ని, మన సంఘం సభ్యుడు రాసినదైనా సరే, బాగాలేదని చెప్పాలి. పాఠకుడు మన మాట నమ్మటం మొదలుపెట్టేది ఆనాడే. నమ్మినవాడు కొంటాడు.