కిన్నెర ఎక్కడ వినాలి?

అమీర్‌పేట మైత్రీవనం దగ్గర ఏ కోర్సు కావాలన్నా గోడనిండా బోర్డులే. కిన్నెర వాద్యం వినాలంటే మాత్రం దారి చెప్పేవాళ్లుండరు. కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది, సినిమా పాటతో పేరు మారుమోగింది. అయినా మనలో చాలామంది విన్నది ఫోన్లోనే. వెదురు బొంగు, ఆనపకాయ బుర్రలు, 12 మెట్లు: ఆ తీగ గరగర ఎదురుగా కూర్చుంటేనే తెలుస్తుంది. మాలి దేశపు గ్రియోలనే గాయకులు కూడా బుర్రతో చేసిన కోరా మీటుతూనే వంశాల కథలు చెబుతారు. వాళ్ల కచేరీలకు యూరప్‌లో టికెట్లు కొని వెళ్తారు. మనమేమో కిన్నెర వాయించే డక్కలి కళాకారుడికి శాలువా కప్పి, రెండు చరణాలకే వేదిక మీంచి దించేస్తాం. కిన్నెర మీద పాడే పండుగ సాయన్న వీరగాథకు రెండు చరణాలా! పంజాగుట్టలో పెళ్లి చేసేవాళ్లూ, డీజేకిచ్చే డబ్బులో సగం పక్కనపెట్టి ఒక్క సాయంత్రం కిన్నెర పెట్టించండి.