గాలాపగోస్ ఎంట్రీ ఫీజు డబుల్.. కానీ అసలు రద్దీ యాట్‌లలో కాదు!

రాక్షస తాబేళ్లు, సముద్రంలో ఈదే ఇగువానాలు, 16 మంది పట్టే చిన్న యాట్‌లో వారం టూర్.. గాలాపగోస్ వీడియోల్లో మనం చూసేది ఇదే. ఈక్వెడార్ తీరానికి దాదాపు 1000 కి.మీ. దూరంలోని ఈ అగ్నిపర్వత దీవుల్లో అడుగుపెట్టాలంటే మెజారిటీ విదేశీయులు ఇప్పుడు 200 డాలర్లు కట్టాలి. 2024 ఆగస్టు 1కి ముందు ఇది 100 డాలర్లే.

మరి రద్దీ తగ్గుతుందా? యాట్ టూర్‌కే వేల డాలర్లు పెట్టేవాళ్లకు ఇంకో వంద పెద్ద లెక్కేం కాదు. పైగా బోట్లపై కంట్రోల్ ఎప్పటినుంచో ఉంది. ఏ షిప్‌లోనూ 100 మందికి మించకూడదు. ఏ బోటు ఎప్పుడు ఏ స్పాట్‌కు వెళ్లాలో నేషనల్ పార్కే డిసైడ్ చేస్తుంది. జంతువుకు 2 మీటర్ల దూరంలో ఉండాల్సిందే.

టూరిస్టులు పెరిగింది ఒడ్డున. శాంటాక్రూజ్ లాంటి దీవుల్లో హోటల్‌లో దిగి, స్పీడ్‌బోట్‌లో డే ట్రిప్ కొట్టేవాళ్లే ఎక్కువ. వాళ్లకు తిండి, ఇంధనం చాలావరకు మెయిన్‌ల్యాండ్ నుంచే రావాలి. ఆ సరుకుతోపాటు పురుగులూ దిగుతాయి. బయటి నుంచి వచ్చిన ఒక ఈగ లార్వాలు ఇప్పటికే డార్విన్ ఫించ్ పిల్లల రక్తం పీల్చి గూళ్లలోనే చంపేస్తున్నాయి.