యాప్ కంటే ముందు స్క్రిప్ట్



పేరెంట్స్ మీటింగ్‌లో మీలో చాలామంది అడుగుతుంటారు: "మేడమ్, మా బాబుకి యాప్ చేయడం ఎప్పుడు నేర్పిస్తారు?" నేను చెప్పేది ఇంగ్లిష్. అయినా నా అభిప్రాయం చెప్తాను. యాప్ కంటే ముందు, ఉన్న కంప్యూటర్లను భద్రంగా చూసుకోవడం నేర్పిద్దాం.

ఇంతకుముందు నేను పనిచేసిన చోట, సరిగ్గా ప్రోగ్రెస్ కార్డుల వారంలో, ఎవరిదో పెన్‌డ్రైవ్ నుంచి ఆఫీసు కంప్యూటర్లకు వైరస్ పాకింది. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లైపోయాయి. మార్కులన్నీ పోయాయని కంగారుపడ్డాం. నిజానికి ఫైళ్లు పోలేదు, కనిపించకుండా దాగాయంతే. ల్యాబ్ అసిస్టెంట్ చిన్న స్క్రిప్ట్ రాసి అన్ని కంప్యూటర్లలో నడిపాడు. సాయంత్రానికి మార్కులు దొరికాయి. పైసా ఖర్చు కాలేదు.

అన్నిసార్లూ అంత తేలిగ్గా బయటపడలేం. 2017 మేలో వాన్నాక్రై ఎన్నో దేశాల్లో కంప్యూటర్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. మైక్రోసాఫ్ట్ అప్పటికి సపోర్ట్ ఇస్తున్న విండోస్‌లకు మార్చిలోనే అప్‌డేట్ ఇచ్చింది. వేసుకోనివాళ్లే ఎక్కువగా నష్టపోయారు.

ఏ కంప్యూటర్‌లో ఏ అప్‌డేట్ ఉందో చూడటానికి ఒక్కో కుర్చీలో కూర్చోనక్కర్లేదు. విండోస్‌తోపాటే ఉచితంగా వచ్చే పవర్‌షెల్‌లో, అడ్మిన్ అనుమతి ఉంటే, ఒకే చోట నుంచి అన్నింటినీ అడగొచ్చు. ఇంగ్లిష్ టీచర్‌గా నాకు దాని భాష నచ్చింది. ముందు క్రియ, తర్వాత నామవాచకం. గెట్-హాట్‌ఫిక్స్ అంటే వేసిన అప్‌డేట్లు చూపించు. గెట్-లోకల్‌యూజర్ అంటే ఇందులో ఎవరెవరికి అకౌంట్ ఉందో చెప్పు. స్పష్టంగా ఆజ్ఞ రాయడం కూడా భాషాపాఠమే కదా!

"పిల్లలకు ఇవి నేర్పితే హ్యాకింగ్ చేయరా?" అని మీకు అనుమానం రావచ్చు. న్యాయమైన భయమే. దొంగలూ ఇవే పనిముట్లు వాడతారు. అందుకే మొదటి పాఠం మర్యాద: మనది కాని కంప్యూటర్‌ను అనుమతి లేకుండా ముట్టుకోకూడదు. రెండోది, యూట్యూబ్‌లో దొరికిన స్క్రిప్ట్‌ను అర్థం కాకుండా నడపకూడదు.

మీ పిల్లల ఆధార్ నంబర్లు, మీ ఫోన్ నంబర్లు స్కూలు కంప్యూటర్లలోనే ఉంటాయి. వాటిని ఎలా కాపాడుతున్నారని మమ్మల్ని అడగండి, అది మీ హక్కు. ఈ ఆదివారం ఇంట్లో మీ అమ్మాయితోనో అబ్బాయితోనో కూర్చుని గెట్-హాట్‌ఫిక్స్ టైప్ చేసి చూడండి. చివరి అప్‌డేట్ తేదీ ఎప్పటిదో చూస్తే, మాట్లాడుకోవడానికి చాలానే దొరుకుతుంది.