కళాశాల గడపకు ముందే

కోవిల్‌పట్టి, విరుదునగర ప్రాంతములలో నింట తెలుగు పలుకుచు బడిలో తమిళము జదువుకొను మన పిల్లలయందు, చూపో వినికిడియో నడకయో కొఱవడినవారికి, పన్నెండవ తరగతి ముగియుటతోడనే బడి యిచ్చిన యండ తొలగిపోవుచున్నది. 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము, 40 శాతమునకు దక్కువగాని వైకల్యముగలవారికి, ప్రభుత్వ కళాశాలలలోను ప్రభుత్వ సహాయము పొందువానిలోను 5 శాతమునకు దగ్గని స్థానములను, 5 సంవత్సరముల వయస్సడలింపును విధించినది. వైకల్య ధ్రువపత్రము లేనివానికి మాత్ర మది కాగితము దాటి రాదు.

పరీక్షలో గంటకు 20 నిమిషముల యదనపు కాలము లభించినను, ఏ యంకె యక్షరము క్రిందికి దిగవలయునో, బాణపుగుర్తు ఎచట నుంచవలయునో లేఖకునకు నోటితో జెప్పి రసాయన సమీకరణమును వ్రాయించుట యలవడని యంధవిద్యార్థికి ఆ కాల మక్కఱకు రాదు. ఇది పరీక్షనాడు పట్టువడు విద్య కాదు. పదునొకండవ తరగతినుండియే సాధన కావలయును.

కోవిల్‌పట్టిలో 1966నుండి జి. వేంకటస్వామి నాయుడు కళాశాల యున్నది. విరుదునగరమునను కళాశాలలకు గొఱత లేదు. ఉపాధ్యాయులు పిల్లలను ముందుగానే యచటికి గొనిపోయి మెట్లు, గ్రంథాలయము, మఱుగుదొడ్డి పరిచయము చేయింపవలయును. తల్లిదండ్రులారా, ఫలితములకై వేచియుండక, వైకల్య ధ్రువపత్రమునకును గుర్తింపు కార్డునకును నేడే దరఖాస్తు చేయుడు.