పెద్ద తెర - చిన్న అక్షరము

వస్తువు పెద్దదైనంత మాత్రమున దాని ప్రయోజనము పెద్దది కావలెనను నియమము లేదు. ఈ మాట కంప్యూటరునకు తెరగా అమర్చబడుచున్న పెద్ద టెలివిజను విషయమున మిక్కిలి వర్తించును. ఒక్క హెచ్.డి.ఎం.ఐ. తీగ తగిలించినచో గోడమీది టీవీ కంప్యూటరు తెరగా మారును. వేరుగా తెర కొనవలసిన పని లేదు. కనుక ఇండ్లలోను బడులలోను పలువురు దీనికి మొగ్గుచున్నారు. మొగ్గుటలో తప్పు లేదు. కాని ఆ తెరపై చూడవలసినది బొమ్మయా, చదువవలసినది అక్షరమా అను ప్రశ్న ముందుగా వేసికొనవలెను.

ఈ పొత్తు క్రొత్తది కాదు. 1982లో వెలువడిన జెడ్.ఎక్స్. స్పెక్ట్రమ్, కమొడోర్ 64 వంటి చిన్న కంప్యూటర్లు ఇంటి టీవీనే తెరగా వాడుకొన్నవి. స్పెక్ట్రమ్ తెరపై వరుసకు 32 అక్షరముల చొప్పున 24 వరుసలు మాత్రమే పట్టెడివి. అక్షరములు లావుగా నుండుటచే, కొంత మసకయైనను పోల్చుకొనుటకు వీలయ్యెడిది. నేడు తెర పెరిగినది, అక్షరము చిక్కినది. చిక్కు అచ్చటనే కలదు.

టీవీ కదలు చిత్రము కొరకు పుట్టినది. చిత్రమున కొంచెము మసక యున్నను కన్ను సర్దుకొనును. అక్షరమునకు అట్టి సౌకర్యము లేదు; తెలుగక్షరమునకు బొత్తిగా లేదు. అడుగున నుండు చిన్న గీత మాసినచో ‘ధార’ కాస్త ‘దార’ యగును. గుడిదీర్ఘపు కొన చెరిగినచో ‘వీడు’ పోయి ‘విడు’ మిగులును. ఒక గీతకు ఇంత బరువున్న లిపిని చదువు విద్యార్థికి తెర స్పష్టత విలాసము కాదు, అవసరము.

బల్లయొద్ద కూర్చుండి వాడుకొనువారు మొదట చూడవలసినది పిక్సెళ్ల సాంద్రతను. 1920 అడ్డు, 1080 నిలువు పిక్సెళ్లు గల 24 అంగుళముల తెరపై అంగుళమునకు సుమారు 92 పిక్సెళ్లుండును. అవే పిక్సెళ్లు 55 అంగుళముల టీవీపై పరచినచో అంగుళమునకు 40 మాత్రమే మిగులును. రెండడుగుల దూరమున అక్షరపు అంచులు మెట్లుమెట్లుగా కనబడును. 4కె అనబడు 43 అంగుళముల టీవీపై అంగుళమునకు 102 ఉండును గనుక అది బల్లకు తగినది. అయినను టీవీలోని అమరికలు కొన్ని మార్చవలెను. కొన్ని టీవీలు చిత్రపు అంచులను కత్తిరించి చూపును. కొన్ని రంగును నాలుగు పిక్సెళ్లకు ఒకటి చొప్పున సరిపెట్టి రంగుటక్షరములను మసకబార్చును. ‘షార్ప్‌నెస్’ ఎక్కువైనచో అక్షరము చుట్టును తెల్లని నీడ పుట్టును. పీసీ అమరికను ఎన్నుకొని, చిత్రమును తెరకు సరిగా కుదిర్చి, షార్ప్‌నెస్ తగ్గించినచో ఈ దోషములు చాలవరకు తొలగును.

తరగతి గదిలో లెక్క మారును. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలకు 2023 నుండి ‘నాడు - నేడు’ క్రింద పెద్ద డిజిటల్ తెరలు, స్మార్ట్ టీవీలు వచ్చినవి. ఇచ్చట పిక్సెళ్ల కొరతకంటె అక్షరపు కొలతయే ముఖ్యము. 6 మీటర్ల దూరమున ఆరోగ్యమైన కంటి చూపును పరీక్షించు అక్షరము ఎత్తు సుమారు 9 మిల్లీమీటర్లు. అది పరీక్షకు చాలును, పాఠమునకు చాలదు. గంటసేపు అలసట లేక చదువవలెనన్న దానికి మూడింతలైనను ఉండవలెను. పైన గుడి, క్రింద ఒత్తు కలుపుకొన్నచో పంక్తి కొకటికి 5 సెంటీమీటర్లు పట్టును. 55 అంగుళముల టీవీ ఎత్తు సుమారు 68 సెంటీమీటర్లు. అనగా పదమూడు పంక్తులు. శీర్షికయు అంచులును పోగా పది. అయినను పాఠ్యపుస్తకపు పుటను ఉన్నదున్నట్లు తెరపై నిలిపి పాఠము సాగించుటయే పలుచోట్ల కనబడుచున్నది. ముందు వరుస చదువును. వెనుక వరుస నటించును. చూపు తక్కువైన బాలుడు తనకు కనబడుటలేదని చెప్పుటకు సిగ్గుపడి మందమతి యను పేరు మోయుచుండును. ఇది యంత్రపు దోషము కాదు.

టీవీ వినోదమునకే గాని విద్యకు పనికిరాదనువారి వాదము నిలువదు. 1975-76లో ఉపగ్రహము ద్వారా సాగిన ‘సైట్’ ప్రయోగమున మన గ్రామముల బాలురు టీవీ ముందు కూర్చుండియే పాఠములు చూచిరి. అయితే నాడు వారు చూచినది చిత్రము, విన్నది మాట. నేడు అదే తెరను చదువుమనుచున్నాము. పని మారినపుడు పద్ధతియు మారవలెను.

కావున పాఠము మొదలుపెట్టుటకు ముందు ఉపాధ్యాయుడు ఒక్క పని చేయవలెను. తెరపై అక్షరములు నిలిపి, కడపటి బల్లయొద్దకు నడచిపోయి, అచ్చట కూర్చుండి స్వయముగా చదువవలెను. అచ్చటినుండి దకు ధకు భేదము తెలిసినచో పాఠము ప్రారంభింపవచ్చును. తెలియనిచో పంక్తులు తగ్గించి అక్షరము పెంచవలెను. తెర కొలత అంగుళములలో నున్నను, దాని విలువ కడపటి బల్లయొద్ద తేలును.