మహమ్మారియు వంటయిల్లును

2020వ సంవత్సరము మార్చి 25వ తేదీ మొదలు దేశమంతట నొక శాసనము నడచినది. ఎవ్వరును ఇల్లు కదలి వెలుపలికి రాగూడదు. కోవిడు ఊపిరివలన నొకరినుండి యొకరికి సోకు వ్యాధి గనుక జనుల రాకపోకలను తగ్గింపవలసివచ్చినదనుటను మేము కాదనము. మేమడుగునది వేఱొక ప్రశ్న. ఇంటిలో నుండుడని చెప్పినవారు ఇల్లనగా నేమని తలచిరి? నాలుగు గోడలును ఒక కప్పునా? గోడలు అన్నము పెట్టవు. కప్పు నీరు తేదు. ఇంటిలో కూర్చున్నవారికి పూటపూటకు వండినదెవరు? ఉప్పును పప్పును సమకూర్చినదెవరు? జ్వరముతో పడియున్నవానికి జావ కాచి, నుదుట తడిగుడ్డ వేసి, రాత్రియెల్ల మేలుకొన్నదెవరు? ఈ ప్రశ్నలకు సమాధానము మన చదువరులలో ప్రతివారికిని తెలియును. తెలిసియు నేమియు మార్చకుండుటయే మా యాక్షేపణకు కారణము.

పట్టణములలో నీ సంగతి స్పష్టముగా కనబడదు. కొళాయి త్రిప్పగా నీరును, మీట నొక్కగా మంటయు వచ్చుచుండుటచే ఇంటిపని తనంతట తానే జరుగుచున్నట్లు తోచును. ఆ భ్రమ తీఱవలెనన్న మన్యమునకు పోవలెను. నర్సీపట్నమునుండి చింతపల్లికి పోవు కనుమదారిలో, సముద్రమట్టమునకు సుమారు 1000 మీటర్ల యెత్తున లంబసింగి యను గ్రామమున్నది. ఆ మహమ్మారినాటికి అది విశాఖపట్నము జిల్లాలోనిది. 2022 ఏప్రిలు 4వ తేదీనుండి అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది. బయట నిలిచినవాడు కొయ్యబారిపోవునంతటి చలి యని చెప్పి దానిని కొర్రబయలనియు పిలుతురు. మనలో ననేకులకు అది చలికాలమున మంచు చూచివచ్చు విహారస్థలము. అక్కడి స్త్రీలకు అది కాపురము చేయు నూరు.

కొండయూళ్లలో కాపురమునకు కావలసిన సామగ్రిలో సగము గడపకు వెలుపలనే యున్నది. నీరు ఊటగెడ్డలో నున్నది. వంటచెఱకు అడవిలో నున్నది. ఉప్పు, నూనె, ఉల్లి, ఎండుచేపలు, సబ్బు వారపుసంతలో నున్నవి. చింతపండు, పసుపు, రాజ్మా, అడ్డాకులు అమ్మి నాలుగు రూకలు తెచ్చుకొనుటయు నా సంతలోనే. మార్చి, ఏప్రిలు నెలలు చింతపండు చేతికి వచ్చు దినములు. సరిగా నప్పుడే సంతలు మూతపడినవి. అమ్ముటయు కొనుటయు నొక్కసారియే నిలిచిపోయినవి. వ్యాధి తమ యూళ్లకు రాకుండ కొన్ని గ్రామములవారు తామే దారులకు అడ్డుకట్టలు వేసి కాపుగాచిరి. చదువులేనివారని మనము చిన్నచూపు చూచు జనులు జాగ్రత్తలో మనకు తీసిపోలేదు. అయినను గెడ్డకు పోవు త్రోవను మూసికొని యే కుటుంబమును బ్రదుకజాలదు గదా! కావున ఇల్లు కదలరాదను శాసనము అక్కడి యిల్లాలి విషయమున మొదటి దినము తెల్లవాఱుజామునకే చెల్లకపోయినది. బిందె పట్టుకొని యామె బయలుదేఱవలసియే వచ్చినది.

ప్రభుత్వమువా రూరకుండిరని మేమనము. 2020 ఏప్రిలు మొదలు మనిషికి నెలకు 5 కిలోల తిండిగింజలను, కుటుంబమునకు కిలో పప్పును ఉచితముగా నిచ్చుటకు కేంద్రమువారు ఏర్పాటు చేసిరి. మొదట మూడు నెలలకని చెప్పి, పిమ్మట నవంబరువఱకు పొడిగించిరి. మన్యమునందు 1956లో నేర్పడిన గిరిజన సహకార సంస్థవారి డిపోలున్నవి. రేషను బియ్యము కొండజనులకు చేరుట కవి యాధారము. ఇదియంతయు మేలే. కాని బియ్యము అన్నము కాదు. డిపోనుండి మూట కొండయెక్కి రావలెను. చెఱుగవలసినది చెఱిగి, ఏఱవలసినది ఏఱి, పొగలో కూర్చుండి వండవలెను. తిన్నపిమ్మట అంట్లు తోమవలెను. మూట తూచి యిచ్చుటతో అధికారుల పని ముగిసినది; ఇల్లాలి పని అక్కడనే మొదలైనది.

చేతులను మాటిమాటికి సబ్బుతో కడుగుకొనుడనిరి. మంచి మాటయే. అయిదుగురున్న యింటిలో ఒక్కొక్కరు దినమునకు పదిసార్లు కడుగుకొన్నచో నెన్ని బిందెలు కావలెను? ఆ బిందెలను నెత్తిన మోసినదెవరు? రోగిని వేఱుగదిలో నుంచుడనిరి. పొయ్యియు, గింజల బుట్టలును, పడకయు నొక్క కప్పుక్రింద నుండు నింటిలో వేఱుగది యెక్కడనుండి వచ్చును? తక్కినవారు అరుగుమీదనో పశువుల పాకలోనో తలదాచుకొనవచ్చును. వండి రోగి నోటికందించు నామె మాత్రము ఎక్కడికిని పోలేదు. అదిగాక మార్చి 19వ తేదీనుండి రాష్ట్రమున బడులు మూసిరి. ఆశ్రమపాఠశాలలలో నుండి చదువుకొనుచుండిన కొండబిడ్డలు ఇండ్లకు చేరిరి. బడి పొయ్యిమీద ఉడికిన యన్నము ఇకమీదట తల్లి పొయ్యిమీద నుడుకవలసివచ్చినది. ఆ తల్లి ఇంటిపట్టున నుండి వండుకొను గృహిణి యని తలపకుడు. చేనిలో కలుపు తీయుటయు, కాఫీతోటలో పండ్లు కోయుటయు నామె పనులే. ఆ పనులనుండి తిరిగివచ్చి చోడియంబలి కాచునది యామెయే. పెరిగిన యీ చాకిరిని ఏ కాగితముమీదను ఎవ్వరును వ్రాయలేదు. ఎవ్వరును కూలి కట్టలేదు.

ఇది క్రొత్త కథ కాదు. 1918లో ఇన్‌ఫ్లుయెంజా మన దేశమున కోటికి పైబడిన ప్రాణములను హరించినది. అప్పుడు పురుషులకంటె స్త్రీలే యెక్కువగా చనిపోయిరి. చాలీచాలని తిండి, గాలి చొరని యిండ్లు, రోగులకు సేవచేయవలసిన భారము దానికి కారణములని యానాటి పరిశీలకులు వ్రాసిరి. అందఱకంటె ముందు లేచుట, అందఱకంటె వెనుక తినుట, రోగి ప్రక్కను విడువకుండుట యను మూడింటిని మనము స్త్రీ సద్గుణములని పొగడుచుంటిమి. వ్యాధి ఆ మూడు ద్వారములనుండియే లోపలికి వచ్చినది. నూఱేండ్లు గడచినవి. మందులు మాఱినవి, టీకాలు వచ్చినవి. రోగి ప్రక్కన కూర్చుండు మనిషి మాత్రము మాఱలేదు.

“ఆ దినములలో మగవారును వండిరి గదా” యని కొందఱనవచ్చును. వండిరి. పట్టణములలో నెందఱో ఉద్యోగస్థులు ఆదివారమున పులావు వండి, దాని ఛాయాచిత్రములను బంధువులకు పంపి మెప్పు పొందిరి. ఉల్లిపాయలు తరిగియిచ్చినదెవరో, అడుగంటిన గిన్నె తోమినదెవరో ఆ చిత్రములలో కనబడదు. మనసు పుట్టినప్పుడు చేయునది వేడుక. మనసు లేకున్నను తన దినమున తప్పక చేయునది వంతు. మగవారు వేడుకను తీసికొని వంతును ఆడువారికే విడిచిరి. ఇది మా యక్కసుమాట కాదు. జనులు దినమున నేయే పనికి నెంత కాలము వెచ్చించుచున్నారో భారత ప్రభుత్వపు గణాంకశాఖవారు 2019లో దేశమంతట విచారించిరి. జీతములేని యింటిపనిలో చేయిపెట్టు స్త్రీలు దానికి దినమునకు సగటున 299 నిమిషములును, పురుషులు 97 నిమిషములును వెచ్చించుచుండిరి. అసలు చేయిపెట్టువారు స్త్రీలలో నూటికి 81 మంది కాగా, పురుషులలో 26 మంది మాత్రమే. మహమ్మారి వచ్చి పోయినపిమ్మట 2024లో మరల విచారించిరి. స్త్రీలకు 289 నిమిషములు. పురుషులకు 88 నిమిషములు! స్త్రీలకు పది నిమిషములు తగ్గినందుకు సంతోషింపవచ్చును. అయితే ఆ పదింటిని పురుషులు అందుకొనలేదు. వారును తమ భాగములోనుండి తొమ్మిది తగ్గించుకొనిరి. ఇంటిలో మూసియుంచి మహమ్మారి నేర్పిన పాఠమును మన మగవారు తలుపులు తెఱచిన మఱునాడే మఱచిరనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

“పురుషుడు సంపాదించును, స్త్రీ వండును, ఇది పంపకమే గదా” యని మఱికొందఱందురు. లక్షలమంది పురుషులకు సంపాదన నిలిచిపోయి యింట కూర్చున్న దినములలోనైనను గరిటె చేయి మాఱలేదేల? మన్యములోవలె స్త్రీయు చేనిలో సమానముగా కష్టించుచోట నీ పంపకము న్యాయమెట్లగును? ఇంకను కొందఱు వంట పురుషునికి తగిన పని కాదందురు. రుచిగల వంటను నలభీమపాకమని పొగడుదుము గదా. ఆ నలుడును భీముడును పురుషులు కారా? పెండ్లిలో వేయిమందికి వండువారు తఱచుగా పురుషులే. కూలికి వండినచో చెడని పౌరుషము కన్నతల్లికి వండినంతనే చెడునా? దారిలేని కొండయూళ్లలో నెలలు నిండిన స్త్రీని డోలీలో మోసికొని మైళ్లకొలది దిగివచ్చువారు పురుషులే. అది గౌరవింపదగిన సేవ. అంత బరువును మోయగల భుజములు నీటిబిందెను మోయలేవా?

ప్రేమతో చేయు పనికి వంతులేమిటని యడుగువారును కలరు. ప్రేమ యలసటను పోగొట్టదు, పొగనుండి కండ్లను కాపాడదు. భార్యమీదను తల్లిమీదను నిజముగా ప్రేమ గలవాడు బిందె తానందుకొనును. బిందె నామెకు విడిచి ప్రేమనుగూర్చి మాటలాడువానిని మేము నమ్మజాలము.

మన సంఘము స్త్రీల శ్రమకు పొగడ్తను బదులుగా నిచ్చుట కలవాటుపడినది. వ్యాధికాలమున ఇల్లిల్లు తిరిగి జ్వరములు విచారించినవారిలో ఆశా కార్యకర్తలు ముఖ్యులు. 2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్యసంస్థవారు వారిని సత్కరించిరి. సంతోషము. కాని వారికిచ్చుదానిని నేటికిని జీతమనక గౌరవవేతనమనియే యనుచున్నారు. బయట సేవచేయు స్త్రీకి గౌరవమను మాట చేర్చి తక్కువ యిత్తురు. ఇంట సేవచేయుదానికి గృహలక్ష్మి యను బిరుదమిచ్చి యేమియు నీయరు.

1883లో వీరేశలింగము పంతులుగారు సతీహితబోధినిని నెలకొల్పిరి. ఆ త్రోవలో స్త్రీలకు చదువును, ఆరోగ్యమును, గృహనిర్వహణమును బోధించు పత్రికలు పెక్కు వచ్చినవి. స్త్రీలు నేర్చుకొనిరి; చదివిరి, ఉద్యోగములు చేయుచున్నారు. పతికి వంటయింటి హితమును బోధించు పని మిగిలియున్నది. దానికి మేము కోరునవి స్వల్పములు. ప్రతి యింటను దినమున కొకపూట వంటయు, అంట్లును, రోగియున్నచో రాత్రి కాపలాలో సగమును పురుషుల వంతుగా నిర్ణయింపవలెను. మగపిల్లలకు పదేండ్లలోపల అన్నము వండుటయు, తాము తిన్న కంచము కడుగుటయు నేర్పవలెను. ప్రభుత్వమువారు 2019లో ప్రతి గ్రామీణగృహమునకును కొళాయి నిత్తుమని జలజీవన ప్రణాళికను ప్రకటించిరి. గెడ్డకు నడచిపోవు కొండయూళ్లకు అందులో అగ్రస్థానము దక్కవలెను. ఇకముందు మహమ్మారి వచ్చి ఇల్లు కదలరాదని శాసింపవలసివచ్చినచో, నీటిని, వంటచెఱకును, ఉప్పును గడపకు చేర్చు నుపాయమును అదే శాసనములో వ్రాయవలెను.

మన చదువరులలో కొందఱు వచ్చు చలికాలమున లంబసింగికి పోదురు. తెల్లవాఱుజామున మంచు చూచుటకు లేచినప్పుడు, అంతకు ముందే లేచి పొయ్యి రాజేసినవారిని, బిందెతో గెడ్డకు నడచుచున్నవారిని గమనింపుడు. ఆ దారి మన యింటి వంటగదినుండియు పోవుచున్నది. మీరు పురుషులైనచో ఇంకొక మహమ్మారి వచ్చువఱకు ఆగనక్కఱలేదు. ఈ రాత్రి భోజనమైన పిమ్మట అంట్లు మీరు తోముడు, రేపును తోముడు.